పెరిగే ఎముకలో కడ్డీ

మా బచ్చన్నపేటలో పిల్లవాడు చెట్టు మీంచి పడి తొడ ఎముక విరిగితే, తల్లి మొదటి దిగులు "కాలు పొట్టిదవుతుందా?" అనే.

ఎముకలో మూలుగుండే బోలులోకి ఉక్కు కడ్డీ దించి అతికించే పద్ధతిని 1939లో జర్మనీలోని కీల్ నగరంలో కుంచర్ అనే డాక్టరుగారు మొదలుపెట్టారు. పెద్దవాళ్లకు నెలల తరబడి మంచాన పడే బాధ తప్పింది. పిల్లల సంగతి వేరు. వాళ్ల ఎముక పెరిగేది చివర్లలోని మెత్తటి పొరల దగ్గర. లావుపాటి కడ్డీ వాటిని తొలిస్తే ఎదుగుదలే చెడవచ్చు.

1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని నాన్సీ నగర డాక్టర్లు వంగే సన్నని కడ్డీలను, ఆ పొరల జోలికి పోకుండా, పక్కనుంచి దించి చూపారు.

ఇంకో విచిత్రం! అతుక్కున్న కాలు ఒక్కోసారి రెండోదానికంటే కాస్త ఎక్కువే పెరుగుతుంది. అందుకని నడక వచ్చేసిందిగదా అని ఊరుకోకండి. కొలతలు చూపిస్తూ ఉండండి. కడ్డీ వేసేముందు, "పెరిగే పొరకు ఎడంగానే వేస్తారా?" అని తప్పక అడగండి.