భుజం మీద శవం

శవం బొమ్మ పిల్లలు చూసేచోట ఎందుకండీ అని మన గ్రూపులో ప్రశ్న వచ్చింది. జవాబు రెండు ముక్కల్లో తేలేది కాదు. మన దేశంలో రెండు మూడు తరాల పిల్లలు ఇష్టంగా చూసిన శవం బొమ్మ ఒకటి ఉంది. ముందు దాని సంగతి చెప్పుకుందాం. కాస్త పొడుగే, టీ పెట్టుకుని చదవండి.

మీలో చాలామంది ఆ బొమ్మని చందమామలో చూసుంటారు. నేను చూసింది అంబులిమామలో. నాన్నగారి ఉద్యోగం విల్లుపురంలో, అందుకని ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. పుస్తకం పేరు వేరైనా బొమ్మ ఒక్కటే. కత్తి దూసిన రాజు, భుజం మీద వేలాడే శవం, తెల్లటి జుట్టు, నేల మీద పుర్రెలు. రాజు మొహంలో భయం ఉండదు. తెల్లవారుజాము డ్యూటీకి వెళ్ళేవాడిలా నడుస్తుంటాడు, అంతే.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసులో ఆ పత్రికని తెలుగులోను, తమిళంలోను మొదలుపెట్టారు. 1952లో శంకర్ గారు చిత్రకారుడిగా చేరారు. అసలు పేరు కె.సి. శివశంకరన్, 1924లో ఈరోడ్ వైపు ఒక పల్లెలో పుట్టిన తమిళుడు. మద్రాసు ప్రభుత్వ ఆర్ట్స్ స్కూల్లో చదువుకున్నారు. అదే ఏడాది కొడవటిగంటి కుటుంబరావు గారు కూడా వచ్చి, 1980లో పోయేదాకా పత్రికని నడిపారు. బేతాళుడి మూల కథలు 25 మాత్రమే. అవి అయిపోయాక కూడా నెలనెలా కొత్త కథ బేతాళుడి నోట పెట్టి చెప్పించారు. కథ మారుతుంది, బొమ్మ మారదు. తెలుగువాళ్ళ బేతాళుడికి రూపం ఇచ్చింది తమిళ చెయ్యి అన్నమాట. రెండు భాషల మధ్య పెరిగిన నాలాంటివాడికి ఇది చెప్పుకోవడం సరదా.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. మానేసిన చెడ్డ అలవాటు మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణి చూసి తమిళులు "వేదాళం మళ్ళీ మునగచెట్టెక్కింది" అంటారు. మునగ కొమ్మ ఎంత పెళుసో మనకి తెలీదా? కాయలు కోసే పిల్లాడెక్కినా విరుగుతుంది, ఇక శవం వేలాడటం కూడానా! సంస్కృతంలో సోమదేవుడు చెప్పింది శింశుపా వృక్షం. అశోకవనంలో సీతమ్మ కూర్చున్నదీ ఆ చెట్టు కిందే.

సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరులో కథాసరిత్సాగరం రాశాడు. అందులో ఈ రాజు ఉజ్జయిని విక్రమార్కుడు కాడు. పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. అంటే ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న పైఠన్. ఆ నది నీళ్ళే మన యానాం దాటి సముద్రంలో కలుస్తున్నాయి. కాబట్టి బేతాళుడు మనకి ఎగువ ఊరివాడే!

కథ ఇదీ. ఒక భిక్షువు రోజూ వచ్చి రాజుకి ఒక పండు ఇస్తాడు. ప్రతి పండులోను రత్నం. బదులుగా శ్మశానంలో చెట్టుకున్న శవాన్ని తెచ్చిపెట్టమంటాడు. దారిలో శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. చివరికి రాజుకి జవాబు తెలియని ప్రశ్న వస్తుంది, ఆయన మాట్లాడకుండా నడుస్తాడు. అప్పుడు బేతాళుడు సంతోషించి అసలు సంగతి చెబుతాడు. ఆ భిక్షువు నిన్ను బలి ఇవ్వబోతున్నాడు, జాగ్రత్త అని. చందమామ ఎప్పుడూ ఇక్కడిదాకా రానివ్వలేదు, వస్తే శీర్షిక ఆగిపోతుంది కదా. కానీ నాకు ముఖ్యమైన చోటు ఇదే. ప్రమాదం భుజం మీది శవంతో కాదు, రత్నాలు ఇచ్చిన బతికున్న మనిషితో.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1951లో పాతాళ భైరవి తీశారు. పింగళి నాగేంద్రరావు గారి కథ, కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, గోఖలే, కళాధర్ గార్ల కళ. అక్కడా భయపెట్టేలా ఉన్నది విగ్రహం, బలి ఇవ్వాలని చూసింది మాత్రం ఎస్.వి. రంగారావు గారి మాంత్రికుడు. ఎముక అదే, పైన కండ వేరు.

ఇలాంటి కళకి ఇంగ్లీషువాళ్ళు వాడే "మకాబ్ర్" ఫ్రెంచి మాట, 1954 దాకా మన ఊరిని ఏలినవాళ్ళది. పారిస్‌లో ఒక శ్మశానం గోడ మీద 1424, 25లలో పెద్ద చిత్రం వేశారు. పోపు నుంచి రైతు దాకా ఒక్కొక్కరినీ ఒక్కో శవం చెయ్యి పట్టి నాట్యానికి తీసుకుపోతుంది. 1669లో ఆ గోడ పడగొట్టేశారు. 1485లో ఒకాయన అచ్చువేసిన పుస్తకం వల్ల ఆ బొమ్మలు మనకి మిగిలాయి. అక్కడ శవం మనిషిని లాక్కుపోతుంది. ఇక్కడ మనిషి శవాన్ని మోస్తాడు, అది కబుర్లు చెబుతుంది. ఏది గొప్ప అని నేను అనను, నాకు మోసేదే నచ్చుతుంది.

అశుభం అన్నవారికి మన కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న కారైక్కాల్‌ని గుర్తుచేస్తాను. అక్కడ పునీతవతి అనే వర్తకుడి భార్య మామిడిపండు మహిమ చూపితే, మొగుడు జడుసుకుని ఊరు వదిలి పాండ్యదేశంలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఇక ఈ అందం ఎవరికోసం, నాకు పేయి రూపం ఇవ్వమని ఆమె శివుణ్ణి అడిగింది. పేయి అంటే దెయ్యం. తలతో నడుస్తూ కైలాసం చేరితే శివుడు "అమ్మా" అని పిలిచాడు. ఆమే కారైక్కాల్ అమ్మైయార్. తిరువాలంగాడులో శ్మశానంలో నర్తించే శివుడి మీద పాడింది. మా అరక్కోణం లైనులో ఆ పేరుతో స్టేషను ఉంది. శివాలయాల్లో 63 మంది నాయన్మార్ల వరస చూడండి, అందరూ నిలబడి ఉంటారు, ఈమె ఒక్కతే కూర్చుని ఉంటుంది. చోళుల కాలపు కంచు బొమ్మ ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, చేతుల్లో తాళాలు. కారైక్కాల్‌లో ఏటా ఆని మాసంలో మాంగని పండగ నాడు జనం మేడల మీంచి ఆమె పేరున మామిడిపండ్లు విసురుతారు, కింద పిల్లలు పట్టుకుంటారు. ఆ పిల్లలెవరూ అస్థిపంజరం అని పారిపోవడం లేదు.

ఇక మన హాల్లో బొమ్మ. పోటీలో ఏడో తరగతి అబ్బాయి వేసింది ఎదుర్లంక వంతెన, దాని మీద మోటారుసైకిలు, నడిపేది ఒక కుర్రాడు, వెనక అస్థిపంజరం. హెల్మెట్ అస్థిపంజరానికి ఉంది, కుర్రాడికి లేదు! బేతాళుడి ప్రశ్న ఇంతకంటే సూటిగా ఎలా అడగాలి? బజార్లో హాలోవీన్ అని అమ్మే ప్లాస్టిక్ పుర్రె కేవలం పళ్ళు చూపిస్తుంది, ఏమీ అడగదు. జాతరలో నోట్లోంచి మంటలు ఊదే అఘోరా వేషాలైనా కాసేపు కళ్ళు జిగేల్‌మనిపించి పోతాయి. ఈ అబ్బాయి బొమ్మ చూశాక నేను స్కూటరు బయటికి తీస్తూ హెల్మెట్ కోసం వెనక్కి వెళ్ళాను.

అశుభం అన్న మాట నేను ఒప్పుకోను. కానీ ఫోనులో ఒక పెద్దావిడ ఇంకో మాట అన్నారు. ఆ వంతెన మీద కొడుకుని పోగొట్టుకున్న ఇల్లు మన సభ్యుల్లోనే ఉంది, వాళ్ళు హాల్లోకి వస్తే ఎలా అని. దీనికి చందమామలో జవాబు లేదు. ఆ తల్లిదండ్రుల్ని కమిటీ తరఫున ఇద్దరు వెళ్ళి నెమ్మదిగా అడగాలని నా అభిప్రాయం. వద్దంటే ఆ రోజే దించి, బొమ్మని అబ్బాయి చేతికిచ్చి కారణం చెబుదాం. వాళ్ళకి అభ్యంతరం లేకపోతే ఇంకెవరి మాటమీదా దించొద్దు.

శంకర్ గారు 2020 సెప్టెంబరులో పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. చందమామ అంతకు కొన్నేళ్ళ ముందే ఆగిపోయింది. మీ అటకల మీద పాత సంచికలుంటే, తెలుగైనా తమిళమైనా, మన రీడింగ్ రూముకి పంపండి. చెదలు పట్టినవైనా సరే, బాగున్న పేజీలు స్కాన్ చేయించి తిరిగి ఇస్తాను. రసీదు రాసిస్తాను, పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసిన పని అదే.