బ్రాంటీ పిల్లల చిట్టి పుస్తకాలు

ఇంగ్లండ్‌లోని హావర్త్ గ్రామంలో షార్లెట్, బ్రాన్‌వెల్ బ్రాంటీలు చిన్నతనంలో చేత్తో రాసి, సూదీదారంతో కుట్టుకున్న బుల్లి పుస్తకాలివి. చెల్లెళ్లు ఎమిలీ, యాన్ కూడా ఆ పుస్తకాల్లోని ఊహాలోకంలో భాగస్థులే.

1825లో పెద్దక్కలు మరియా, ఎలిజబెత్ బడిలో జబ్బుపడి, ఇంటికొచ్చాక క్షయతో చనిపోయారు. తండ్రి ప్యాట్రిక్ షార్లెట్‌నూ ఎమిలీనీ బడి మాన్పించాడు. ఆపైన కొన్నేళ్లు తండ్రి, పెద్దమ్మ దగ్గరే వాళ్ల చదువు. ఇంట్లో పత్రికలు చదువుకునే స్వేచ్ఛ ఉండేది. వాళ్ల రాతలకు అసలు బలం అక్కడిదే.

1826 జూన్‌లో ప్యాట్రిక్ కొడుకు బ్రాన్‌వెల్ కోసం కొయ్య సిపాయిల పెట్టె తెచ్చాడు. నలుగురూ తలా ఒక బొమ్మ తీసుకున్నారు. షార్లెట్ తన సిపాయికి వెల్లింగ్టన్ అని, బ్రాన్‌వెల్ బోనపార్ట్ అని పేర్లు పెట్టారు. ఆటలోంచి ఆఫ్రికా తీరాన గ్లాస్ టౌన్ అనే నగరం లేచింది. దానికి పటాలు గీశారు, యుద్ధాలు నడిపారు, పత్రికలూ పెట్టారు. పుస్తకాలు ఆ సిపాయిల చేతికి సరిపోవాలి కదా! అందుకే అగ్గిపెట్టెంత సైజు. అక్షరాలు అచ్చులో ఉన్నట్టే ఉంటాయి గానీ, భూతద్దం లేనిదే చదవడం కష్టం. అట్టపేజీ, విషయసూచిక, ఉత్తుత్తి ప్రకటనలు... పెద్దల పత్రికల హంగులేవీ వదల్లేదు.

తర్వాత షార్లెట్, బ్రాన్‌వెల్ ఆంగ్రియా రాజ్యాన్ని, ఎమిలీ, యాన్ గొండాల్ దీవిని కల్పించుకున్నారు. 1847లో అక్కచెల్లెళ్ల ‘జేన్ ఐర్’, ‘వుదరింగ్ హైట్స్’, ‘ఆగ్నెస్ గ్రే’ నవలలు వెలువడ్డాయి.

పదమూడేళ్ల షార్లెట్ 1829లో పది కవితలతో కుట్టిన ఒక పుస్తకం 2022లో 12.5 లక్షల డాలర్లకు అమ్ముడై, హావర్త్ మ్యూజియానికి చేరింది.