కోరంగి కూలీ చూసిన రంగూన్

గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి రంగం (రంగూన్) పోయి, అక్కడ కోరంగీలనిపించుకున్నవాళ్ల గురించి మనం చెప్పుకునే కథ దాదాపు ఒక్కటే. మేస్త్రి ఊళ్లోకి వచ్చాడు, చేతిలో బయానా పెట్టాడు, కాకినాడలోనో భీమునిపట్నంలోనో ఓడెక్కించాడు, అవతలి రేవులో దింపి బియ్యపు మిల్లుకు అప్పజెప్పాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథలో రంగూన్ నగరమే కనిపించదు, దాన్ని చూసిన కళ్లూ కనిపించవు. 1931 జనాభా లెక్కల నాటికి అక్కడ నాలుగు లక్షల మంది ఉంటే, సగానికి పైగా భారతీయులే. వాళ్లలో తెలుగువాళ్లది పెద్ద వాటా. అందులోనూ కష్టం చేసుకు బతకడానికి ఒంటరిగా వచ్చిన మగవాళ్లే ఎక్కువ. ఇంతమందీ మిల్లుకూ బసకూ మధ్యనే తిరిగారనుకోవడం నాకు నమ్మశక్యంగా లేదు. ఆ నగరంలో పని వెతుక్కోవడమూ, ఊరు చూడడమూ విడివిడి పనులు కావనీ, ఊరు తెలిసినకొద్దీ మేస్త్రి పట్టు సడలే వీలు పెరిగిందనీ నా వాదన.

అసలు రంగూన్ పరాయి నగరమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. వెళ్లడానికి అనుమతి పత్రాల బెడద లేదు. అయితే పరాయితనాన్ని పాలన సరిహద్దులతో మాత్రమే కొలవలేం. మూడు నాలుగు రోజులు సముద్రం మీద, ఓడ డెక్కు మీద ఎండకూ వానకూ ఓర్చి దిగినవాడికి అక్కడి భాష రాదు, లిపి తెలియదు, తిండి కొత్త. బ్యాంకు వ్యాపారం చెట్టియార్లది, నదిలో సంపాన్లు నడిపేవాళ్లు చిట్టగాంగ్‌వాళ్లు, దుకాణాలు గుజరాతీలవీ చీనావాళ్లవీ. అంతమంది నడుమ తన చోటు ఏదో ఎవరికి వారు తెలుసుకోవలసిందే.

పని తీరు చూస్తే నా వాదనకు ఆధారం దొరుకుతుంది. మిల్లు పని ఏడాది పొడవునా ఉండదు. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్ గిరాకీ పెరిగి, రంగూన్ చుట్టూ మిల్లులు లేచాయి. కానీ వాటికి ఊపిరాడని రోజులు కోతల తరవాత, సుమారుగా జనవరి నుంచి మే వరకే. వానలు పడేసరికి మిల్లులు మందగించేవి. అప్పుడు కొందరు ఇంటికి ఓడెక్కేవారు. మిగిలినవాళ్లు రేవులో బస్తాలు మోయాలి, రోడ్డు పనికో కట్టుబడి పనికో పోవాలి, లేదా లంచా పట్టాలి. రంగూన్‌లో మనుషులు లాగే ఆ రిక్షాల దగ్గర తెలుగువాళ్లే ఎక్కువగా కనిపించేవారు. లంచా లాగేవాడికి ఊరు తెలియకపోతే ఒక్క పూట గడవదు. ఎక్కినవాడు చెప్పిన చోటికి దగ్గరి దారిన పోవాలి, ఏ వేళ ఎక్కడ బేరం తగులుతుందో పసిగట్టాలి. ఒక పని చాలించి ఇంకో పని పట్టుకునే ప్రతిసారీ ఊళ్లో కొత్త మూల ఒకటి పరిచయమయ్యేది.

చదువు రానివాడు ఆ ఊరిని ఎలా గుర్తుపెట్టుకుని ఉంటాడు? 1852లో బర్మీయులతో జరిగిన యుద్ధం తరవాత ఇంగ్లీషువాళ్లు రంగూన్‌ను గళ్లగళ్లుగా, నిలువు వీధులకు నంబర్లిచ్చి కట్టారు. ఆ నంబర్లు చదవలేకపోయినా ఫర్వాలేదు. దక్షిణాన నది, నడిబొడ్డున ఎనిమిది పలకల సూలే పగోడా, ఉత్తరాన గుట్ట మీద 300 అడుగులు దాటిన ష్వెడగాన్ బంగారు గోపురం, తూర్పున పజుండాంగ్ వాగు, దాని ఒడ్డున మిల్లులు. ఈ నాలుగు గుర్తులతో ఎక్కడి నుంచైనా దారి పట్టవచ్చు. అంటే దొరలు ముచ్చటగా చూసి పోయే పగోడాలే కూలీకి దిక్సూచి. ష్వెడగాన్ సంగతి మరీ చెప్పుకోదగ్గది. అక్కడికి బూట్లతో రాకూడదన్న బర్మీయుల పట్టుదల 1919 నాటికి గట్టిపడింది; బూట్లు విప్పడం ఇష్టంలేని తెల్లవాళ్లు చాలామంది ఆ మెట్లెక్కడమే మానేశారు. ఉత్తి కాళ్లతో తిరిగే కూలీకి ఆ అడ్డు లేదు. ఫాల్గుణ పున్నమి వేళకు వచ్చే ఆ గుడి ఉత్సవం మిల్లులు జోరుగా ఆడే కాలంలోనే, అంటే కూలీలు ఊళ్లో నిండుగా ఉన్నప్పుడే పడేది. నగరమంతటిలో గొప్ప చూడచక్కని చోటు కూలీకి తెరిచి ఉండి, దొరకు మూసుకుందంటే, ఊరు చూడడం డబ్బున్నవాళ్ల సరదా మాత్రమేనన్న మన నమ్మకాన్ని సవరించుకోవాలి.

దీని మీద గట్టి అభ్యంతరమే ఉంది. అప్పులో కూరుకుపోయి, ఇరుకు గదుల్లో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయినవాళ్ల బతుకుకు విహారం అంటగట్టడం అన్యాయం కాదా? ఆ దుస్థితి నిజం. మజూరీ మేస్త్రుల చేతుల మీదుగా దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా తరుగు పడేది. అయినా ఆ ఇరుకే మనిషిని వీధిలోకి నెట్టి ఉంటుందని నా ఊహ. గాలి ఆడని గదిలో సెలవు పూట ఎవరు కూర్చుంటారు? వాళ్లు రాసిపెట్టుకున్నది దాదాపు ఏమీ మిగల్లేదు కాబట్టి ఇది ఊహేనని ఒప్పుకుంటాను. కానీ మనకు మిగిలిన అధికారుల నివేదికలు కూలీని శ్రమగా లెక్కపెట్టాయి తప్ప, అతను ఏం చూశాడని అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు లేకపోవడం, చూడలేదనడానికి రుజువు కాదు.

ఊరు తెలిసినంత మాత్రాన ఊరు తమదైపోలేదు. 1930 మేలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలోకి బర్మీయులను తెచ్చారు. రాజీ కుదిరి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి వచ్చాక, మే 26న బర్మీయులను పొమ్మనడంతో అల్లర్లు చెలరేగాయి. వందకు పైగా ప్రాణాలు పోయాయి, చచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆకలితో ఉన్న రెండు జట్లను ఒకే పని కోసం పోటీకి నిలబెట్టిన యజమానుల బాధ్యతను ఆ రోజు నుంచి విడదీయలేం. సమ్మె కట్టగలిగారంటే రేవు తమ చేతుల మీద నడుస్తోందని వాళ్లకు తెలుసు. ఆ సంగతి పాలకులకూ తెలుసని 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డప్పుడు తేలింది. కూలీలు వేలాదిగా ఊరు విడిచి ప్రోమ్ పట్నం దారి పట్టేసరికి రేవు స్తంభించింది, ఊడ్చేవాళ్లు లేక వీధులు కుళ్లాయి. రక్షణ ఇస్తామని నచ్చజెప్పి వాళ్లలో చాలామందిని సర్కారు వెనక్కి రప్పించింది. రెండు నెలలు తిరక్కుండా నగరం ఖాళీ చెయ్యమన్న ఆజ్ఞ వచ్చింది. ఈసారి వాళ్లను ఆపినవాళ్లు లేరు, ఓడల్లో చోటూ దొరకలేదు. అరకాన్ కొండలు దాటో, మణిపురం మీదుగానో నడిచే రావలసి వచ్చింది.