పల్నాటి చలికాలం: జొన్నకూటికి మరో సాక్ష్యం

పల్నాటి తిండి ప్రస్తావన రాగానే శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న జొన్నకూటి చాటువులనే ఆధారంగా చూపడం పరిపాటి. అవి సన్నబియ్యానికి అలవాటుపడిన అతిథి విసుగే తప్ప ఇంటివారి మాట కాదు. ఈ మెట్టసీమలో చలికాలం ఇంటిల్లిపాదినీ పొయ్యి చుట్టూ చేర్చేది. పెనం మీద నుండి అప్పుడే దిగిన జొన్నరొట్టె, రోట్లో నూరిన పచ్చిమిరప కారం, పిల్లలు పోటీపడి వలుచుకొనే ఉడికిన కందికాయలు: వీటికి ఆ చాటువుల్లో చోటు లేదు. కార్తిక అమావాస్యతో మొదలయ్యే కారంపూడి వీరుల ఉత్సవాలలో, మందపోరు నాటి చాపకూడు ఈ ఇంటి పంక్తినే కులభేదం లేకుండా ఊరంతటికీ పరుస్తుంది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత వరి విస్తరించింది. పండుగనాటి వరియన్నం నిత్యభోజనమైంది. జొన్నరొట్టె పట్టణాలలో సాయంత్రపు బండ్ల మీదికి చేరింది.