గ్లేజు పరీక్షించే గ్యాస్ ఆవం

వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో గిడుగు వేంకట రామమూర్తి లోకం దృష్టికి తెచ్చారు. తర్వాతి తవ్వకాల్లో అక్కడ రౌలెటెడ్ రకం కుండపెంకులు కూడా దొరికాయి. లోపలి అడుగున చిన్న చిన్న గాట్ల వలయాలు, తడిమితే నున్నటి మెరుపు. అది గాజుపూత మెరుపు కాదు, నీళ్లలో తేర్చిన మెత్తటి బంకమట్టి పూసి కాల్చినందువల్ల వచ్చింది. రెండు వేల ఏళ్ల నాడే అంత నాణ్యమైన సామాను చూసిన తీరం ఇది. అయినా మన కుమ్మరి వీధుల్లో గ్లేజు పాదుకోలేదు. అందుకు ఒక కారణం వేడి. కర్రా గడ్డీ పేర్చిన ఆవం సాధారణంగా 800, 900 డిగ్రీల దగ్గర ఆగుతుంది. జాడీల మీద కనిపించే గట్టి పూత కరగాలంటే 1200 దాటాలి.

గ్లేజు అంటే కుండకు అంటుకున్న గాజు. పలుగురాయి పొడి గాజవుతుంది, ఫెల్డ్‌స్పార్, సున్నం దాన్ని కరిగిస్తాయి, తెల్లమట్టి జారిపోకుండా పట్టి ఉంచుతుంది, లోహం రంగునిస్తుంది. పాళ్లు కాస్త తప్పితే పూత పగులుతుంది, లేదా కారి ఆవం లోపలి అరకు అతుక్కుపోతుంది. ఆవం నిండా సామాను పాడవకుండా ముందే తెలుసుకోవాలి. చైనాలో సోంగ్ రాజుల కాలం నాటికే బెజ్జం వేసిన చిన్న పెంకును సామానుతో పాటు ఆవంలో పెట్టి, మధ్యలో ఇనుప కొక్కెంతో లాగి చూసేవారు. ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ వేల నమూనాలకు నంబర్లు వేసి కాల్చాడు. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ సెగర్ నిర్ణీత వేడికి వంగే కోన్‌లు తయారుచేశాడు. ఆవానికి పెట్టిన కంత లోంచి కోన్ వంగడం చూస్తే చాలు, ఎంత కాలిందో తెలుస్తుంది.

పరీక్షకు వేరే చిన్న ఆవం కట్టుకోవడం మాత్రం గ్యాస్ వల్ల సులువైంది. గాలినీ గ్యాస్‌నీ ముందే కలిపి మండించే బర్నర్‌ను 1855లో బున్సెన్ ప్రయోగశాలలో వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో వంట గ్యాస్ అమ్మకం 1950లలో బొంబాయిలో మొదలైంది. ఆ తర్వాత సిరామిక్ ఫైబర్ దుప్పటి రావడంతో మందపాటి ఇటుక గోడల అవసరం తగ్గింది. ఇనుప డ్రమ్ము లోపల ఫైబర్ పరిచి, కింద పక్కన బర్నర్‌కు కంత, పైన పొగ దారి పెడితే పరీక్ష ఆవం తయారు. సాయంత్రానికి ఫలితం చేతికొస్తుంది. పొగ దారిని సగం మూస్తే గాలి తగ్గి, మంట పూతలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. రాగి ఆకుపచ్చ కాకుండా ఎరుపు తిరుగుతుంది. మామూలు కరెంటు ఆవంలో ఈ పని కుదరదు. గ్యాస్ గట్టిగా లాగితే సిలిండర్ చల్లబడి ఒత్తిడి పడిపోతుంది, అందుకే ఒకదానికి రెండు కలిపి పెట్టుకుంటారు.

ఒక లోపం ఉంది. చిన్న ఆవం త్వరగా చల్లారుతుంది. పెద్ద ఆవంలో నిదానంగా చల్లారుతూ స్ఫటికాలు కట్టి మసకబారే పూత, ఇందులో తళతళలాడుతూ వస్తుంది. అందుకే మంటను ఒక్కసారి ఆపేయకుండా మెల్లగా దించాలి.

ఇక మన మాట. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే, 1890ల తొలి ఏళ్లలో. చీపురుపల్లి వైపు ఉన్న కోడూరు పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మర్ ఒక రాతికి కోడూరైట్ అని పేరు పెట్టాడు. గర్భాం, కోడూరు గనుల ఖనిజం ఉక్కు కోసం తరలిపోయింది. అదే మాంగనీసు గ్లేజులో సోడా ఎక్కువైతే వంకాయ రంగు, ఇనుముతో కలిస్తే నలుపు, మామూలుగా గోధుమ రంగు ఇస్తుంది. ఇంత రంగు కాళ్ల కింద పెట్టుకుని ఒక్క పూతనైనా మన పేరుతో చెప్పుకోలేకపోవడం నాకు బాధ. ఆ మాంగనీసు ఖనిజం పొడిని వందకు రెండు, నాలుగు, ఆరు పాళ్లుగా కలిపి, నిలబెట్టిన బిళ్లల మీద పూసి చూడాలి. నిలబెడితేనే ఎంత కారుతుందో తెలుస్తుంది. 1080 డిగ్రీల దగ్గర మాంగనీసు ఆక్సిజన్ వదులుతుంది, పూతలో బొబ్బలు లేస్తాయి, అక్కడ వేడిని మెల్లగా పెంచాలి. దాని పొగ నరాలకు హాని. ఆవం ఆరుబయటే ఉండాలి, కాల్చేవాళ్లు పొగ తమ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు కూర్చోవాలి.