వలస – ఇల్లు: సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పరిశీలన

తెలంగాణ వలసల చరిత్ర ఎక్కువగా వెళ్ళినవారి చరిత్ర. వారి ఇళ్ళు కూడా చారిత్రకాధారాలే.

సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలీలు షోలాపూర్, భివండి, బొంబాయిలకు తరలిన నాటికి మగ్గం ఇంట్లో భాగం. దాని గుంటను ఇంటి నేలలోనే తవ్వేవారు. మరమగ్గానికి కరెంటు, షెడ్డు, పెట్టుబడి కావాలి. సిరిసిల్లలో సాంచాలు పెరిగిన కొద్దీ ఇల్లు, పనిచోటు వేరుపడ్డాయి. సాంచా లేని కార్మికునికి నేత ఇంటి వృత్తి కాకుండా పోయింది.

జగిత్యాల, కోరుట్లల దారి వేరు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు గడీలు వదిలి పట్టణాలకు చేరారు. కూలి బిడ్డలు బొంబాయికి, అటునుంచి గల్ఫ్‌కు వెళ్ళారు. గడీ పాడుబడిన ఊళ్ళలో గల్ఫ్ సొమ్ముతో స్లాబు ఇళ్ళు లేచాయి. వీసా అప్పు తీరితేనే ఆ ఇంటికి పునాది. భర్త దూరాన ఉండగా బీడీలు చుడుతూ దానిని నిలిపినది స్త్రీ.

2006లో షోలాపూర్ సమీపాన కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇళ్ళు అందాయి; వారిలో తెలుగువారు అనేకులు. అక్కడ ఇల్లు సంఘటిత పోరాట ఫలం. ఇక్కడ ఒంటరి శ్రమ ఫలం. ఈ భేదాన్ని విస్మరించి స్లాబు ఇంటిని కేవలం సంపదకు గుర్తుగా లెక్కించటం చరిత్రను తప్పుగా చదవటమే.