చెరువు కట్ట మీద ఎవరి వంతు

కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవాలయం ముందు రెండు రాతిపలకల మీద ఒక సంస్కృత శాసనం ఉంది. క్రీ.శ. 1369 నాటిది. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలన చేస్తూ ఇక్కడ పెద్ద చెరువు కట్టించాడు. భవదూరుడన్నది ఆయన మరో పేరు. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం లెక్క చెబుతుంది. అక్కడితో ఆగితే అది రాజుల కీర్తి చాటే వందలాది శాసనాల్లో ఒకటయ్యేది. దాన్ని చెక్కించినవారు మాత్రం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా వరసగా రాయించారు.

గట్టి నేల, తియ్యటి నీటి ఏరు, కట్టను ఆనుకునే కొండలు, దగ్గర్లో రాతిగని, జలశాస్త్రం తెలిసిన పండితుడు, పనితనం ఎరిగిన కూలీల బృందం ఆ పన్నెండింటిలోవే. దోషాల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడిమధ్య మిట్ట, నీళ్ళు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. ఈ అయిదూ మట్టికీ నీటికీ సంబంధించినవి. మిగిలిన ఒక్కటీ మనుషులది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కట్ట ఒకరి ఏలుబడిలో, పొలాలు మరొకరి ఏలుబడిలో ఉంటే గండి పడిన రాత్రి తట్ట పట్టేదెవరు? కరువు ఏట తూము ఎత్తమనేదెవరు? బాధ్యత ఎవరిదో తేలని చోట ఎంత గట్టి కట్టయినా నిలవదని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద రాసి పెట్టారు.

చెరువులు కట్టించినవారి పేర్లు మనకు బాగానే తెలుసు. రామప్ప చెరువు రేచర్ల రుద్రుడిది. పాకాల చెరువు గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి కట్టించింది. గణపతిదేవుడి సోదరి మైలమ బయ్యారం చెరువు తవ్వించి వేయించిన శాసనం కాకతీయుల వంశచరిత్రకే ఒక ముఖ్య ఆధారమైంది. కట్టించినవారు వెళ్ళిపోయాక ఏడు వందల ఏళ్ళపాటు ఆ కట్టలను కాపాడుకొచ్చినవారి పేర్లు ఏ రాతి మీదా లేవు. ఏటా ఎండాకాలంలో పూడిక తీసినవారు, తుఫాను రాత్రి బుంగ పూడ్చినవారు, ఎండిపోయే పంటకు వంతు ప్రకారం నీళ్ళు పారించినవారు ఊరివాళ్ళే. తెలుగు నేలలో సహకారం అన్నది ఏమిటో తెలుసుకోవాలంటే వెతకవలసింది వాళ్ళ చరిత్రనే.

చెరువు అడుగంటగానే వాళ్ళ పని మొదలయ్యేది. ఆయకట్టు రైతులు తమ భూమి విస్తీర్ణాన్ని బట్టి మనుషులనూ బండ్లనూ ఇవ్వాలి. ఎక్కువ నీళ్ళు వాడుకునేవాడు ఎక్కువ చాకిరీ ఇవ్వాలన్నది సూత్రం. తీసిన పూడికలో కొంత కట్ట బలానికి పోసి, మిగిలిన ఒండ్రును ఎవరి పొలానికి వారు తోలుకునేవారు. ఒండ్రు మంచి ఎరువు కాబట్టి ఆ పనికి పెద్దగా పిలుపులు అక్కర్లేకపోయేది. ఉమ్మడి మేలూ సొంత మేలూ ఒకే బండిలో వెళ్ళేలా అమర్చడంలో ఆ కాలపు రైతుల తెలివి కనిపిస్తుంది. కట్ట మీద మొలిచిన చెట్లను కొట్టేయాలి, ఎందుకంటే వాటి వేళ్ళు కుళ్ళితే ఆ దారినే నీరు చొచ్చుకొస్తుంది. ఎలుకలూ ఎండ్రకాయలూ చేసే బొరియలను వెతికి మట్టి కూరాలి. అలుగు రాళ్ళు కదిలాయేమో చూడాలి, వాగు నుంచి చెరువులోకి వచ్చే కాలువను శుభ్రం చేయాలి. ఏ ఒక్కటీ గొప్ప పని కాదు. ఏ ఒక్కటి మానినా మాత్రం చెరువు మిగలదు.

వానాకాలంలో కట్టకు కావలి ఉండేది. గండి పడే సూచన కనబడితే డప్పు మోగేది. ఇంటికో మనిషి తట్టా పారా పట్టుకొని పరుగెత్తాలి. చెరువు నిండి అలుగు దూకిన రోజు అదే కట్ట మీద మైసమ్మకు బోనాలు, పండగ. రైతుకు పంట, బెస్తలకు చేపలు, చాకలికి రేవు, కుమ్మరికి మట్టి, గొర్రెలకు తాగునీరు అన్నీ ఆ నీటి నుంచే కాబట్టి ఆ పండగ ఊరందరిదీ అయింది.

ఈ ఉమ్మడి పనిలో అందరికన్నా కీలకమైన మనిషి నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో ఆయన చేతిలో ఉండేది. నీళ్ళు తక్కువైన ఏడాది తగాదాలు కొట్లాటల దాకా వెళ్ళకుండా ఆపినది వంతుల మీద ఆయన మాటే. జీతం కింద కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడే ప్రతి రైతూ ఆయనకు మేర ఇచ్చేవాడు. పంట పండితేనే మేర. కాబట్టి చివరి మడి దాకా నీరు చేరడం నీరటికి కూడా కడుపుకు సంబంధించిన విషయం.

పెద్ద మరమ్మతులకు వేరే ఏర్పాటు ఉండేది. రాయలసీమలో దానికి దశబంధం అని పేరు. చెరువు కట్టినవారికో, దాన్ని బాగుచేసే బాధ్యత తీసుకున్నవారికో ఆయకట్టులో కొంత భూమినో, శిస్తులో కొంత భాగాన్నో ఇనాంగా వదిలేవారు. చెరువు పాడైతే ఇనాం కూడా పోతుంది. ఇలాంటి ఆలోచనే విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో మరో రూపంలో ఉంది. భక్తులు స్వామికి ఇచ్చిన సొమ్మును ఆలయ భాండాగారం దేవస్థానం గ్రామాల్లో చెరువులూ కాలువలూ తవ్వడానికి వెచ్చించేది. పెరిగిన పంటలోంచి దాత పేరిట నైవేద్యం జరిగేది. దాతకు పుణ్యం, గుడికి ధాన్యం, ఊరికి నీరు, మూడూ ఒకే సొమ్ముతో సమకూరేవి.

తెలంగాణలో చెరువులు చాలావరకు గొలుసుకట్టు. పై చెరువు అలుగు నీరు కింది చెరువుకు వెళుతుంది. అందువల్ల పై ఊరివాళ్ళ అశ్రద్ధ కింది ఊరిని ముంచుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. కారణాలు తేల్చడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది ఎగువ ప్రాంతమంతా పరిశీలించారు. అక్కడున్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేలింది. ఆకాశం చిల్లుపడినట్టు కురిసిన వానకు ఒకదాని గండి మరొకదాని మీద పడుతూ నగరం దాకా వచ్చింది. తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరానికి ఆ జలాశయాలు అండగా నిలిచాయి. ఊళ్ళ మధ్య తెగిన గొలుసును అతకడం మాత్రం జలాశయాల వల్ల అయ్యే పని కాదు.

ఈ సంప్రదాయాన్ని తలచుకొని మురిసిపోయి ఊరుకోవడం న్యాయం కాదు. నీళ్ళు అందరివీ అన్నారు కానీ బరువు అందరి మీదా సమంగా పడలేదు. చాలా ఊళ్ళలో నీరటి దళితుడు, ఆయకట్టులో ఆయనకు సెంటు భూమి ఉండేది కాదు. భూమి లేదు కాబట్టి పక్షపాతం చూపడని ఆయన తీర్పును నమ్మేవారు. అంటే ఆయన నిజాయితీకి పూచీ ఆయన పేదరికమే. నిజాం రాజ్యంలో దొరల గడీలకు వెట్టి చేయవలసి వచ్చిన గ్రామ సేవకుల్లో నీరటులూ ఉన్నారు. కట్టలు పోసిన ఒడ్డెర, ఉప్పర కుటుంబాలు పని అయ్యాక మరో కట్ట వెతుక్కుంటూ వెళ్ళిపోయేవి.

అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు గురించిన ముసలమ్మ కథ ఈ అసమానతనే చూపిస్తుంది. కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి ఇంటి చిన్నకోడలు ప్రాణం అర్పించిందన్నది ఆ కథ. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో దాన్ని 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ఇలాంటి కథలు చాలా చెరువులకు ఉన్నాయి. బలి అయ్యేది తరచూ ఆడమనిషే. ఆమె త్యాగాన్ని ఊరు కొలుచుకుంది, గుడి కట్టింది. ఆ గౌరవం నిజమైనదే. కానీ ఊరంతా మోయవలసిన బరువు ఇంట్లో అందరికన్నా నోరు లేని మనిషి తల మీదికి ఎందుకు వచ్చిందని కథ విన్న ప్రతి ఒక్కరూ అడగాలి. నలుగురి బాధ్యత నలుగురూ పంచుకోనప్పుడు అది బలహీనుల వంతు అవుతుంది.

ఆంగ్లేయుల పాలనలో ఊరి ఉమ్మడి ఏర్పాటుకు దెబ్బ తగిలింది. 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలో సర్కారు ప్రతి రైతుతో విడిగా లెక్క చూసుకుంది. శిస్తు ఎవరిది వారిదే అయింది. కట్ట ఎవరిదన్న ప్రశ్న గాలిలో మిగిలింది. ఊరివాళ్ళ ఉమ్మడి మరమ్మతు పని సర్కారు కాగితాల్లో కుడిమరమ్మతు పేరుతో నమోదైంది, క్షేత్రంలో సన్నగిల్లింది. అప్పుడు 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. గండి పడితే కూలి జనాన్ని బలవంతంగా రప్పించవచ్చు. ఆనవాయితీ ప్రకారం చాకిరీ ఇవ్వనివారు దాని విలువకు రెట్టింపు కట్టాలి. మాట మీద నడిచిన పనికి జరిమానా అవసరమైందంటే అప్పటికే ఆ మాట బలం పోయిందన్నమాట. పైగా గండి పూడ్చే భారం చట్టం కూలివాళ్ళ మీద పెట్టింది, భూస్వామి మీద కాదు. 1876–78 కరువు తర్వాత 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం ప్రారంభించింది. కొలతలు తీసి, కట్టలు ఎత్తు చేశారు. పని మాత్రం కచేరీ నుంచి నడిచింది.

స్వాతంత్ర్యం వచ్చాక వంద ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న చెరువులు పంచాయతీల కిందికి, పెద్దవి నీటిపారుదల శాఖ కిందికి వెళ్ళాయి. 1984లో పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదే, పోవలసిందే. అయితే పూడికతీతకు ఊరిని పోగుచేసే మరో వ్యవస్థ ఆ స్థానంలో రాలేదు. ఆ సంవత్సరాల్లోనే బోర్లు పెరిగాయి. పొలంలోనే నీరు దొరికిన రైతుకు చెరువు కట్ట మీద పనేముంది? బోరులోకి వచ్చే నీరు చాలావరకు ఆ చెరువు నేలలోకి ఇంకించినదేనన్న సంగతి, చెరువులు ఎండి బోర్లు కూడా వట్టిపోయాక చాలామందికి తెలిసివచ్చింది. ఈలోగా చెరువుల శిఖం భూముల్లో ఇళ్ళు లేచాయి, కట్టల మీద సర్కారు తుమ్మ దట్టంగా పెరిగింది.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి నిర్వహణను రైతులకే అప్పగిస్తూ చట్టం చేసి, పది వేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపింది. రైతులు ఓటేసి తమ చెరువుకు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం అదే మొదలు. కొన్నిచోట్ల సంఘాలు కాలువలు బాగుచేసి చివరి భూములకు నీళ్ళందించాయి. చాలాచోట్ల అధ్యక్షుడు గుత్తేదారుగా మారిపోయాడు. తర్వాత ఎన్నికలు సక్రమంగా సాగలేదు. భూమి లేనివారికి, చేపలు పట్టేవారికి, ఆడవాళ్ళకు ఆ సంఘాల్లో పెద్దగా గొంతు లేకపోవడం పాత లోపమే కొత్త చట్టంలోకి వచ్చినట్టయింది.

తెలంగాణ ఏర్పడ్డాక 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కించి మరమ్మతుకు పూనుకుంది. తవ్వింది యంత్రాలే. ఒండ్రు తోలుకున్నది మాత్రం రైతులు. తమ ట్రాక్టర్లతో, తమ ఖర్చుతో పొలాలకు చేర్చుకున్నారు. ప్రభుత్వ పథకంలో పాత పద్ధతి తనంతట తాను ప్రాణం పోసుకున్న చోటు అది. ఆ ఉత్సాహాన్ని ఏటా జరిగే పనిగా మలచి ఉంటే దాని విలువ ఎన్నో రెట్లు పెరిగేది.

2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోత కురిసింది. బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి పాతబస్తీ కాలనీలు మునిగాయి. కింద ఉన్నవాళ్ళలో చాలామందికి తమ పైన ఒక చెరువు ఉందని, దాని అలుగు దారిలోనే తమ వీధి ఉందని ఆ రాత్రే తెలిసింది. కట్టకు కావలి లేదు, డప్పు లేదు. వరద వచ్చాక మాత్రం పక్క వీధుల కుర్రాళ్ళు పడవలు తెచ్చారు, మసీదులూ ఫంక్షన్ హాళ్ళూ అన్నం వండిపెట్టాయి. ఆపదలో ఒకరికొకరు నిలబడే గుణం ఎక్కడికీ పోలేదు. ఆపద రాకముందు ఎండాకాలంలో ఒక ఆదివారం కలిసి కట్ట మీదికి వెళ్ళే అలవాటు పోయింది.

తెలంగాణలో నీరటులు గ్రామ రెవెన్యూ సహాయకుల్లో కలిసిపోయారు. 2023లో ఆ పోస్టులు రద్దయి, అందులో పనిచేసేవారు సాగునీటి శాఖతో సహా వేర్వేరు శాఖల్లో సర్దుబాటయ్యారు. కల్లం దగ్గర చేయి చాచవలసిన అవసరం పోయి నెల జీతం రావడం ఆ కుటుంబాలకు తరాల తర్వాత దక్కిన న్యాయం. ఇక తేలవలసింది మిగిలినవారి సంగతి. ఆయకట్టు రైతులు, చేపల సహకార సంఘాలు, చెరువు కింద ఇళ్ళు కట్టుకున్నవారు, వానాకాలానికి ముందు కట్టను చూడటానికి ఎవరు ఏ రోజు వెళ్ళాలో గ్రామసభలో, కాలనీ సంఘంలో రాసిపెట్టుకోవాలి. ఆ పట్టికలో దొర పేరూ కూలి పేరూ ఒకే వరసలో ఉండాలి. ఆ పని చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, మే నెలలో ఒక సమావేశం చాలు.